అటక దింపిన సామానుతో పిల్లలకు పని

రేపు పొద్దున్నే బడికి ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ పట్టుకెళ్లాలన్న సంగతి పిల్లలకి ముందురోజు రాత్రి అన్నాల దగ్గర గుర్తొస్తుంది. విశాఖలో గాజువాక అయినా ఎంవీపీ కాలనీ అయినా ఆ తర్వాత జరిగేది ఒకటే. నాన్న బండి తీసుకుని, ఇంకా మూయని స్టేషనరీ షాపు కోసం బయల్దేరతాడు. థర్మాకోల్ షీటు, మెరుపు కాగితాలు, ఫోమ్ షీట్లు, జిగురు గొట్టాలు ఇంటికొస్తాయి. ఖాళీ సీసా లేకపోతే కొత్త కూల్‌డ్రింక్ కొని, సగం తాగి, సగం సింకులో పోసేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. పదకొండింటికి పిల్ల సోఫాలో నిద్రపోతుంది. అమ్మ పన్నెండున్నర దాకా కూర్చుని నెమలిని పూర్తి చేస్తుంది. ఆ నెమలి బడిలో బల్ల మీద రెండు రోజులుండి, జీవీఎంసీ చెత్తబండి ఎక్కి కాపులుప్పాడ డంపింగ్ యార్డు దారి పడుతుంది. చెత్తలోంచి పనికొచ్చేది తీయమంటే, పనికొచ్చే సరుకు కొని చెత్త చేసి పంపిస్తున్నామన్నమాట.

టీచర్లను అనడం లేదు. వాళ్ల ఉద్దేశం మంచిదే. మన దగ్గరే వరస తిరగబడింది. ‘ఈ డబ్బాతో ఏం చేద్దాం?’ అని మొదలుపెడితే పూలకుండీయో పెన్నుల స్టాండో తప్ప ఇంకోటి తోచదు. ఇంట్లో ఇప్పటికే నాలుగు పెన్నుల స్టాండ్లున్నాయి, పెన్నులు మాత్రం సోఫా కింద ఉన్నాయి. అందుకని డబ్బాని కాసేపు పక్కన పెట్టి, పిల్లల్ని ఇల్లంతా ఒకసారి తిరిగి రమ్మనండి. మనం రోజూ వెతుక్కునేది ఏది? ఎప్పుడూ ఒరిగిపోయేది ఏది? చిక్కుపడేది, తడిసిపోయేది, గాలికి ఎగిరిపోయేది ఏది? బండి తాళాలు, ఫోను చార్జరు వైర్లు, తాతయ్య మందుల చీటీలు, చెల్లి జడ క్లిప్పులు, వంటగట్టు మీద దొర్లే వెల్లుల్లి. ఐదో తరగతి పిల్లకి పావుగంటలో ఇలాంటివి పది దొరుకుతాయి. అప్పుడు అటక వైపు చూడమనండి. అవసరం ముందు తెలిస్తే, దానికి సరిపోయే పాత వస్తువుని పిల్లలే పట్టుకుంటారు.

పాత వస్తువుకి కొత్త పని దొరుకుతుందన్న పాఠం విశాఖ పిల్లలకి కొత్త కాదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి ఓ వైపు నుంచి ఎక్కి ఇంకో వైపు నుంచి దిగని పిల్లలు ఊళ్లో తక్కువ. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాదే ఇసుకలో మ్యూజియంగా కూర్చుంది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం 2017లో వచ్చింది. అంత పాత ఇనుముని ముక్కలు చేసి అమ్మితే డబ్బు వచ్చేది, మళ్లీ కొత్త కొలువు దొరికేది కాదు. ఈసారి వెళ్లినప్పుడు కురుసుర వంటగది దగ్గర కాసేపు ఆగండి. డెబ్బై మందికి పైబడిన సిబ్బందికి అంత చిన్న చోటులోనే వంట. మన అపార్టుమెంటు కిచెన్ ఇరుకని మనం సణుగుతూ ఉంటాం కదా, పిల్లల్ని అక్కడ నిలబెట్టి చూపించండి. ప్రతి వస్తువుకీ ఒక చోటు, ప్రతి చోటుకీ ఒక పని. ఇంటికొచ్చి మన అటక చూస్తే వాళ్ల ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

అటక దింపాక మొదటి పని చెయ్యడం కాదు, పోల్చుకోవడం. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ఒకటి పిల్ల చేతికివ్వండి. దోసెల పెనానికి అంటుకుంటుంది, కత్తిపీటకి అంటుకుంటుంది. ఇత్తడి చెంబుకి అంటుకోదు, అల్యూమినియం డేగిసాకి అంటుకోదు. రసగుల్లా డబ్బా అల్యూమినియమే అనుకుంటారు, కానీ టక్కున అంటుకుంటుంది. అది తగరం పూత పూసిన ఇనుప రేకు. స్టీలు గిన్నెల దగ్గరికొచ్చేసరికి తమాషా మొదలవుతుంది. అమ్మమ్మ ఇచ్చిన మందపాటి గిన్నెకి అంటుకోదు, పోయిన ఏడాది ఆఫర్లో కొన్న పల్చటి పళ్లేనికి అంటుకుంటుంది. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే, రకాలు వేరు. నికెల్ బాగా కలిపిన రకాన్ని అయస్కాంతం మామూలుగా పట్టదు. తుప్పు పట్టకుండా కాపాడేది అందులోని క్రోమియం, కనీసం పదిన్నర శాతం ఉంటుంది. గాలి తగిలినప్పుడల్లా అది కంటికి కనపడని పల్చటి పొర కట్టి కింది ఇనుముని కాస్తుంది. సముద్రగాలి ఉప్పుకి మన బాల్కనీ గ్రిల్లు రెండేళ్లకే పొరలు లేస్తుంటే, స్టీలు బిందె ఇరవై ఏళ్లు ఎలా నిలిచిందో పిల్లకి ఇప్పుడు చెప్పొచ్చు.

ఇక్కడొక అపోహ తీర్చాలి. ఉక్కునగరం పిల్లలు కూడా కొందరు మన స్టీలు కంచాలు మన ఉక్కు ప్లాంటులోనే తయారవుతాయనుకుంటారు. కాదు. 1966 నాటి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమంతో సాధించుకుని, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఈ ప్లాంటులో వచ్చేవి ప్రధానంగా ఇళ్ల కట్టుబడికి వాడే ఊచలు, వైరు చుట్టలు, కడ్డీలు. మీ ఇంటి కంచం ఇక్కడిది కాకపోవచ్చు, మీ ఇంటి శ్లాబులోని ఊచ ఇక్కడిదే కావచ్చు. వంటింటి సంగతి రాస్తున్నాను కనుక ఇంకో మాట: ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు.

మా ఇంట్లో ఈ అయస్కాంతం ఆట తర్వాత పిల్లలకి ఎక్కువ నచ్చింది ఇంకోటుంది. దానికి ఏ వస్తువునీ కొయ్యక్కర్లేదు, చిల్లు పెట్టక్కర్లేదు. పాత స్టీలు, ఇత్తడి సామాన్ల మీద పేర్లు కొట్టించేవారు కదా, సన్నటి చుక్కలు చుక్కలుగా. గిన్నె అంచు కింద, బిందె మెడ మీద, టిఫిన్ క్యారియర్ ఒక్కో గిన్నె మీద. పల్చటి తెల్ల కాగితం దాని మీద పరిచి, ఓ చేత్తో కదలకుండా పట్టుకుని, పెన్సిల్ని పక్కవాటుగా వాల్చి మెల్లగా రుద్దమనండి. రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి మనం చిన్నప్పుడు చేసిన పనే. ముందు ఒట్టి బూడిదరంగు. తర్వాత ఒక చుక్క, ఇంకో చుక్క, ‘చి.సౌ.’ అని రెండక్షరాలు. ఆ పక్కన ఇంటిపేరు. కింద తేదీ. గిన్నె ఒంపు తిరిగే చోట కాగితం ముడతపడి ఒక అక్షరం జారిపోతుంది, అక్కడ రెండోసారి రుద్దాలి. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు. ఈ పేరెవరిది? ఈవిడ మనకేమవుతుంది? పెళ్లి కానుక అని రాసి ఉంది, ఎవరి పెళ్లి? మన గిన్నె మీద వేరేవాళ్ల పేరుందేంటి? ఆఖరి ప్రశ్నకి జవాబు ప్రతి ఇంట్లోనూ ఒకటే. ఎప్పుడో కూర పంపిన గిన్నె, తిరిగి వెళ్లలేదు.

ఆ కాగితాలన్నీ ఒక పాత డైరీలో అంటించి, పక్కన ఎవరు, ఎప్పుడు, ఏ ఊరు అని నానమ్మ చెప్పింది రాయిస్తే అది ఆ ఇంటి చరిత్ర పుస్తకం. ఖర్చు ఒక జిగురు గొట్టం. ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది, ఫోను అడగరు.

ఈ పని ముందు చేయించమనడానికి ఇంకో కారణం ఉంది. సామానుకి సొంతదారులుంటారని పిల్లలకి దీనివల్ల తెలుస్తుంది. మనకి పాతది అనిపించినంత మాత్రాన అది వదిలేసిన వస్తువు కాదు. అత్తగారు అటక మీద పెట్టించిన ఇత్తడి గంగాళాన్ని అడక్కుండా కుండీ చేసేస్తే ఆ ఇంట్లో ఆ వారం ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు. ‘నానమ్మా, ఇది వాడుకోవచ్చా?’ అని పిల్లల చేతే అడిగించండి. వద్దంటే వద్దు. చాలాసార్లు వద్దనరు, ముందు దాని కథ చెబుతారు, తర్వాత తీసుకోమంటారు.

ఇత్తడి, కంచు, రాగి సామానుకి మేకు తగలనివ్వకండి. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరులు చేతితో కొట్టిన ఇత్తడి చెంబులు మన ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇంకా ఉన్నాయి, వాటి మీది సుత్తి దెబ్బల అచ్చు కూడా కాగితం మీద రుద్దితే అందంగా పడుతుంది. అలాంటి దాన్ని బోర్లించి చిల్లు కొట్టి లాంప్‌షేడ్ చేయడం నాకు నచ్చని పని. చింతపండుతో తోమించి, నీళ్లు పోసి నాలుగు పూలు వేసి గుమ్మం పక్కన పెడితే చాలు. ఇత్తడి గిన్నెలో మళ్లీ వండాలనుకుంటే లోపల కళాయి పూయించాలి. గిన్నెని వేడిచేసి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో రుద్దితే రెండు నిమిషాల్లో పచ్చటి గిన్నె తెల్లగా తిరుగుతుంది. కళాయి లేని ఇత్తడిలో పులుసు ఉడికిస్తే కిలుమెక్కుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వీధుల్లో కళాయి కేకలు బాగా తగ్గాయి. ఎవరైనా కనిపిస్తే పనిమానుకునైనా పిల్లల్ని తీసుకెళ్లి నిలబెట్టండి.

సోల, తవ్వ, మానిక కూడా ఇంట్లో ఉంటే అదృష్టం. నాలుగు గిద్దలొక సోల, రెండు సోలలొక తవ్వ, రెండు తవ్వలొక మానిక, నాలుగు మానికలొక కుంచం. బియ్యం పోసి కొలిపించండి. భిన్నాలంటే ఏడ్చే పిల్లకి అరసోల అంటే అర్థమవుతుంది. లెక్క అయిపోయాక ఆ సోలలోనే పెన్సిళ్లు పెట్టుకోమనండి. బరువైన ఇత్తడి, ఎన్ని పెట్టినా ఒరగదు. ఇది ఐదో పెన్నుల స్టాండే, ఒప్పుకుంటాను.

ఇక మామూలు సామాను. ఇడ్లీ రేకులు రంగులు కలుపుకోవడానికి పుట్టినట్టుంటాయి, గుంటకొక రంగు, కడిగితే పోతుంది. పోపుల డబ్బా పూసలకీ, గుండీలకీ, సూదులకీ. మూత ఉంది కాబట్టి పాతపట్నం, జ్ఞానాపురం వైపు ఇళ్లలో పడే నల్లటి పోర్టు దుమ్ము లోపలికి వెళ్లదు. చెల్లి కమ్మలు పాత జల్లెడకి తగిలిస్తే జత చెదరవు. సాగిపోయిన కుక్కర్ రబ్బర్లు నాలుగు పోగైతే నీళ్ల సీసా మీదికి విసిరే ఆట. పాత ఇనుప దోసెల పెనాన్ని తోమి, పిడికి ఉన్న కంతలో తాడు దూర్చి వంటింటి గోడకి తగిలిస్తే, అయస్కాంతాలతో కరెంటు బిల్లు, పాల లెక్క, తాతయ్య మందుల చీటీ దాని మీద నిలుస్తాయి. పిడి ఊడిన కుక్కర్ అడుగున చిల్లులు పెట్టి మట్టి పోసి మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో మొలకలెత్తుతాయి. ఆ ఆకుని కూరలో వేసిన రోజు పిల్లాడు మెంతికూర తింటాడా అంటే, హామీ ఇవ్వలేను.

వీటన్నిటికంటే ఎక్కువసేపు చెప్పాల్సింది రేకు దీపం గురించి. విశాఖలో దీనికి నిజమైన అవసరం ఉంది. కార్తీక మాసంలో బాల్కనీలో దీపం పెట్టిన వాళ్లందరికీ తెలుసు, సముద్రపు గాలికి ప్రమిద రెండు నిమిషాలు నిలవదు. చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని ఎంతసేపని నిలబడతాం?

రసగుల్లా డబ్బా గానీ పసిపిల్లల పాలపొడి రేకు డబ్బా గానీ తీసుకోండి. మూత కోసిన అంచు కత్తి, దాన్ని ముందు పెద్దవాళ్లు కటింగ్ ప్లేయరుతో లోపలికి మడిచి నొక్కాలి. డబ్బాలో పైన రెండు వేళ్లు ఖాళీ ఉంచి నీళ్లు పోసి, రాత్రంతా ఫ్రీజరులో పెట్టండి. ఈ కిటుకే అసలు సంగతి. ఖాళీ డబ్బా మీద మేకు కొడితే సొట్టపడుతుంది, లోపల గట్టి మంచు ఉంటే రేకు కదలదు, మేకు శుభ్రంగా దిగుతుంది. అడుగు కాస్త ఉబ్బుతుంది, గడ్డకట్టేటప్పుడు నీరు పెరుగుతుంది కాబట్టి. ఆ ఉబ్బు చూపించి సైన్సు పుస్తకంలో ఆ పేజీ తీయించండి.

ఈలోగా డబ్బా చుట్టుకొలతకి కాగితం కోసి, దాని మీద నానమ్మ చేత ముగ్గు చుక్కలు పెట్టించండి. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందుచుక్క. ముగ్గు కలిపిన గీత పొడవునా కూడా వేలెడు దూరానికొక చుక్క. పొద్దున్న ఆ కాగితాన్ని డబ్బాకి టేపుతో అంటించి, మడత పెట్టిన పాత తువ్వాలు మీద డబ్బాని పడుకోబెట్టి, చుక్కకొక మేకు దెబ్బ. మొదటి పది కన్నాలు వంకరగా పోతాయి. మేకు జారుతుంది. సుత్తి వేలికి తగులుతుందేమోనని మీకు గుండె దడ. మేకుని వేళ్లతో కాకుండా బట్టల క్లిప్పుతో పట్టుకోమనండి, దడ తగ్గుతుంది. సగం కన్నాలకే మంచు కరిగి నీళ్లు కారడం మొదలైతే ఆ డబ్బాలో మళ్లీ నీళ్లు నిలవవు, కాబట్టి ముందే కూర్చుని ఒక్క బిగిన కొట్టాలి. లేదా కారే కన్నాలకి టేపు వేసి ఇంకో రాత్రి ఫ్రీజరుకి. కన్నాల అంచు లోపలివైపు గరుకుగా ఉంటుంది, లోపల చెయ్యి పెట్టనివ్వకండి. ఆరిన తర్వాత బయట రెడ్ ఆక్సైడ్ ఒక పూత మీరు వేసిపెట్టండి. డాక్‌యార్డులోనో ప్లాంటులోనో పని చేసే నాన్నలకి ఈ మాట చెప్పే పనిలేదు. మన ఊళ్లో పూత లేని రేకు ఒక్క వానాకాలం దాటదు.

లోపల ప్రమిద, కింద ఇటుక. వెలిగించాక డబ్బా బాగా కాలుతుంది, ముట్టుకోకూడదని ముందే చెప్పాలి. గోడ మీద నానమ్మ ముగ్గు పడుతుంది, కాస్త వంకరగా.

ఆ వంకరని సరిచేయకండి. ఈ సలహా మొత్తంలో తల్లిదండ్రులకి అన్నిటికంటే కష్టమైనది ఇదే. మనకి చెయ్యి ఊరుకోదు. ‘ఇలా ఇవ్వమ్మా, నే చేసిస్తా’ అనేస్తాం. అన్న క్షణం నుంచి అది మన వస్తువు, పిల్ల ప్రేక్షకురాలు. ఐఐటీ కాన్పూరులో చదివి, జీవితమంతా చెత్తతో బొమ్మలు చేయడం నేర్పిన అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోకి కూడా వచ్చాయి, వీలైతే తెచ్చి ఇంట్లో పడేయండి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆయన చేయించేవాటిలో అందం మీద పట్టుదల ఉండదు. తిరుగుతోందా, ఎగురుతోందా, మోగుతోందా అన్నదే లెక్క. డెన్మార్క్‌లో సోరెన్సెన్ అనే తోటల రూపశిల్పి, తాను తీర్చిదిద్దిన పార్కుల్లో కన్నా పాత సామాను పడేసిన చోట్లే పిల్లలు హాయిగా ఆడుకోవడం గమనించాడు. 1943లో కోపెన్‌హేగన్ పక్కన ఎమ్‌డ్రప్‌లో అచ్చంగా పాత సామానుతోనే పిల్లలకి ఒక ఆటస్థలం ఏర్పడింది ఆయన ఆలోచన వల్లే. పెద్దలు పక్కనుండాలి, ప్రమాదం చూసుకోవాలి, పనిలో వేలు పెట్టకూడదు. ఈ చివరిది మన ఇళ్లలో అలవాటు లేదు.

మరీ చిన్నపిల్లలకి, మూడు నాలుగేళ్ల వాళ్లకి, సుత్తీ మేకూ కాదు. వాళ్లకి గంజి వార్చే సిబ్బి, చెక్క గరిటె, మూత సరిగ్గా పట్టే రెండు డబ్బాలు చాలు, తెరిచి మూస్తూ గంట గడిపేస్తారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, సహజ రంగులు కలిపిన లక్కతో చేసే లక్కపిడతలు వీళ్లకోసమే పుట్టాయి. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటు అమ్మ పాత గరిటె, ఇటు లక్కపిడత ఉంటే పిల్లల వంటకి ఇంకేం కొననక్కర్లేదు.

కొన్నిటికి మాత్రం గట్టిగా వద్దని చెప్పాలి. కిరసనాయిలులో తడిపిన దారం చుట్టి అంటించి, చన్నీళ్లలో ముంచి గాజు సీసా కోసే వీడియోలు పిల్లలు చూసే ఉంటారు. ఇంట్లో ఎవరూ చేయకండి, పెద్దవాళ్లు కూడా. గాజు తను అనుకున్న చోట పగులుతుంది, మనం గీసిన చోట కాదు. పూత లేచిన నాన్‌స్టిక్ పెనాన్ని గీకి శుభ్రం చేయించకండి, పొయ్యి మీద వేడి చేయకండి, నేరుగా పాతసామాన్ల కొట్టుకి ఇచ్చేయండి. రంగులు కొనేటప్పుడు డబ్బా మీద సీసం సంగతి చూడండి. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకి మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది, అంతకుముందు నుంచీ షెడ్డులో మిగిలిపోయిన పాత పెయింటు డబ్బాని పిల్లల పనికి తీయకండి. తుప్పు మేకు గుచ్చుకుంటే పసుపు అద్ది ఊరుకోవద్దు. సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో కార్డు చూసి డాక్టరుని అడగండి. వాల్వు, రబ్బరు పాడైన ప్రెషర్ కుక్కర్ ఒకసారి కుండీ అయిందంటే మళ్లీ పొయ్యెక్కకూడదు.

మొక్కకి కుండీ చేసిన వస్తువేదైనా సరే అడుగున చిల్లు ఉండాలి. ఇత్తడి గంగాళంలో పూలు వేస్తే ఆ నీళ్లు వారానికొకసారి పూర్తిగా పారబోసి, లోపలి అంచు రుద్ది కడగాలి. డెంగీ దోమ శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. వైద్యశాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే అని చెబుతూనే ఉంటారు, ఆ పని పిల్లలకి అప్పగించండి. తాము చేసిన కుండీలే కాబట్టి మరిచిపోరు.

ఇంకో చిక్కు ఉంది. ఇదంతా అలవాటయ్యాక పిల్లలు ఏదీ పారేయనివ్వరు. ప్రతి పెరుగు డబ్బా ‘ఎందుకైనా పనికొస్తుంది’ అని మంచం కింద చేరుతుంది. పనికొచ్చే వస్తువుకీ, ఊరికే పోగేసిన వస్తువుకీ తేడా కూడా నేర్పాలి. మన వీధుల్లో పాత ఇనుప సామాన్లకి ఉల్లిపాయలిస్తామని మైకులో అరుస్తూ ఆటో తిరుగుతుంది కదా, ఆ ఆటోని పిల్లలే ఆపి బేరం చేయనివ్వండి. లేదా పాతసామాన్ల కొట్టుకి తీసుకెళ్లి కాటా దగ్గర నిలబెట్టండి. ఇనుముకొక ధర, అల్యూమినియానికొక ధర, ఇత్తడికి ఇంకా ఎక్కువ, రాగికి అంతకంటే ఎక్కువ. అయస్కాంతంతో వేరుచేయడం నేర్చిన పిల్ల అక్కడ మోసపోదు, కొట్టువాడి దగ్గరా ఒక అయస్కాంతం ఉంటుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. అల్యూమినియాన్ని మళ్లీ కరిగించడానికి, ముడి ఖనిజం నుంచి తీయడానికయ్యే విద్యుత్తు, ఇంధనంలో ఇరవయ్యో వంతు చాలు. ఉక్కు తయారీలో అయితే కన్వర్టరులో కరిగిన ఇనుముతో పాటు పాత ఇనుము కూడా వేస్తారు, ఆక్సిజన్ ఊదినప్పుడు పుట్టే విపరీతమైన వేడిని అది కాస్త అదుపులో ఉంచుతుంది. అమ్మేయడం కూడా వాడుకోవడమే అని పిల్లలకి చెప్పడానికి ఉక్కు ఊళ్లో ఉండి మొహమాటపడక్కర్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, సంక్రాంతి ముందు. భోగికి అటక ఎలాగూ దింపుతాం, పాత చాటలు, విరిగిన పీటలు మంటకోసం ఏరతాం. ఆ గందరగోళంలో ప్లాస్టిక్ డబ్బాలు కూడా మంటలో పడుతున్నాయి, ఆ పొగ పిల్లలే పీలుస్తారు, అది ముందు ఆపాలి. తర్వాత మూడు అట్టపెట్టెలు తెచ్చి వరసగా పెట్టండి. ఒకటి మళ్లీ వంటింట్లోకి వెళ్లేవాటికి, ఒకటి కొట్టుకి, ఒకటి పిల్లలకి. ఏది ఎందులో పడాలో నానమ్మ, అమ్మ, పిల్లలు కలిసి తేల్చుకోవాలి, నాన్న నిచ్చెన పట్టుకుంటే చాలు. పిల్లల పెట్టె ఒక్కటే, రెండోది ఇవ్వకండి. దాని మూత పడనంతగా నిండిందంటే, వచ్చే ఆదివారం అందులోంచి ఏది కొట్టుకి వెళ్లాలో ఏరే పని కూడా వాళ్లదే.